శనివారం ఆగే బండి

గురువారం మధ్యాహ్నం ఒక్క గ్లాసు మజ్జిగ తాగేలోపల కోటేష్ డ్రైవరు మరియదాసుని దొంగని చేసి వెళ్ళాడు. మజ్జిగ మాత్రం చుక్క మిగల్చలేదు.

"నా కళ్ళతో చూశా త్రినాథ్. బోయపాలెం దగ్గర రోడ్డు పక్కన నీ బండి ఆపి, డీజిల్ ట్యాంకు మూత తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అటూ ఇటూ చూస్తున్నాడు. నేను బస్సులో ఉన్నా కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే అక్కడే కాలరు పట్టుకునేవాణ్ణి."

త్రినాథరావు అరుగు మీద కూర్చుని మిరపకాయల్ని ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తున్నాడు. లోపల గింజ గలగలమంటే కాయ ఎండినట్టు, లేకపోతే కోల్డ్ స్టోరేజీలో బూజు పట్టినట్టే. చేతిలో కాయ ఆడించడం ఆపాడు.

"ఎప్పుడు?"

"మొన్న శనివారం."

ఆ ఇంట్లో శనివారానికి ఆరువారాలుగా చెడ్డపేరు వచ్చింది. ఎనభైతొమ్మిది మోడల్ పికప్ బండి అది. త్రినాథరావు చేతికి వచ్చేసరికే ఇద్దరి చేతులు మారింది. వారమంతా చేలోంచి కల్లానికీ కల్లంలోంచి ఇంటికీ బుద్ధిమంతురాలిలా తిరుగుతుంది. శనివారం టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు, ఎత్తుకుని గుంటూరు కోల్డ్ స్టోరేజీకి బయల్దేరితే మాత్రం చిలకలూరిపేట దాటాక ఆయాసపడుతుంది. లాగదు. నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. అరగంట అలా వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. పేటలో మెకానిక్ నాగూర్ వలి ఫిల్టరు మార్చాడు, పంపు విప్పాడు, పైపులన్నీ ఊది బిగించాడు. బండి అతని షెడ్డు ముందు గుర్రంలా సకిలించింది. "రోగం నా దగ్గరికొచ్చేసరికి దాక్కుంటోందండీ" అన్నాడు పాపం, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. ఇంకొక విచిత్రమేమిటంటే ట్యాంకు నిండా డీజిల్ పోయించిన రోజున ఇంకా తొందరగా ఆగేది. త్రినాథరావు తల్లి సుబ్బరావమ్మ దీనికి శని పట్టిందని ఎప్పుడో తేల్చేసింది. వారం పేరు కూడా ఆవిడకే సాక్ష్యం చెబుతోంది.

గడపలో నిలబడ్డ త్రినాథరావు భార్య జ్యోతిర్మయి అడిగింది. "అతని చేతిలో డబ్బా ఉందా అన్నయ్యగారూ?"

"డబ్బా... లేదమ్మా."

"పైపు?"

"బస్సు స్పీడుగా పోతోంది. పైపు నాకు కనపడలా."

"మరి డీజిలు దోసిట్లో పట్టుకుపోతాడా?"

కోటేష్ ఆమెవైపు జాలిగా చూశాడు. "చదువుకున్నదానివి, నీకు లోకం తెలీదమ్మా. మూత తీసినవాడు ఊరికే తీస్తాడా?" గ్లాసు అరుగు మీద పెట్టి లేచాడు. చెప్పులు తొడుక్కుంటూ, అప్పుడే గుర్తొచ్చినట్టు, "మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు త్రినాథ్. లైసెన్సుంది. కావాలంటే పంపిస్తా" అన్నాడు.

సాయంత్రం మరియదాసు చేలోంచి బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు. నలభై అయిదేళ్ళ మనిషి. ఇంజను ఆపాక కూడా క్షణంసేపు స్టీరింగు మీద చెయ్యి ఉంచి, అది పూర్తిగా సద్దుమణిగాకే దిగే అలవాటు అతనికి.

"దాసూ, మొన్న బోయపాలెం దగ్గర ట్యాంకు మూత తీశావా?"

"తీశానయ్యా."

"ఎందుకు?"

మరియదాసు బండి పక్కన ఉన్న మూత వైపు చూశాడు. తరవాత జ్యోతిర్మయి వైపు చూశాడు. ఆ తరవాత తన చెప్పుల వైపు. "తీస్తే స్టార్టవుద్దయ్యా."

"మూత తీస్తే బండి స్టార్టవుద్దా? నేనెక్కడా వినలేదే! ఎందుకవుద్ది?"

అతని నోటిదాకా ఏదో వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది. "తెలీదయ్యా."

"నీకు తెలీదు, నాగూర్ వలికి తెలీదు. కోటేష్‌కి తెలిసింది" అన్నాడు త్రినాథరావు. గొంతు పెంచలేదు. ఆయన పెంచడు. "తాళాలు అక్కడ పెట్టు. కొన్నాళ్ళు ఇంటి దగ్గరుండు."

మరియదాసు తాళాలు చేతికివ్వకుండా అరుగు చివర పెట్టాడు. సీటు మీదున్న తువ్వాలు తీసుకుని దులిపి భుజాన వేసుకున్నాడు. గేటు దాటేటప్పుడు దాన్ని మళ్ళీ దగ్గరగా వేసి గడియ పెట్టాడు. దొంగ అనిపించుకున్నవాడు అంత జాగ్రత్తగా గడియ పెట్టడం జ్యోతిర్మయికి ఎందుకో ముల్లులా గుచ్చుకుంది.

శుక్రవారం బండికి పూజ. ఈ యేడు మొదటి కోత బండికెక్కిన శుక్రవారం నుంచీ అది తప్పడం లేదు. సుబ్బరావమ్మ మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేదు కాబట్టి అరుగు మీద స్టూలు వేసుకుని నోటితో పూజ చేస్తుంది. జ్యోతిర్మయి చేతులతో చేస్తుంది.

"ముందు భాగానికి ఎవరైనా పెడతారే బొట్టు. దానికి తిండి పెట్టే నోరు అదుగో, ఆ మూత. అక్కడ పెట్టాలి" అని మొదటివారమే ఆవిడ తేల్చి చెప్పింది. లోపల డీజిల్ పోస్తారు కాబట్టి అది నోరే అని కోడలూ ఒప్పుకుంది. అయితే ఉత్త పసుపు నీళ్ళలో కలిపి పెడితే మధ్యాహ్నానికి ఎండి రాలిపోయేది. అత్తగారు అది అపశకునమనేది. జ్యోతిర్మయి గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆ డిగ్రీ పనికొచ్చిన సందర్భాలు ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి. అందులో ఇదొకటి. పసుపులో చిక్కటి గంజి కలిపింది. ఇక అది రాలలేదు. ఎండితే గోడకి వేసిన సున్నంలా పట్టేసి, మళ్ళీ శుక్రవారం పూజకి ముందు మరియదాసు బండి కడిగితేగాని వదిలేది కాదు. అత్తగారు కోడలి చదువుని మెచ్చుకున్న ఏకైక రోజు అది.

"ఇంకొంచెం దట్టంగా మెత్తవే. ఆ దాసు దృష్టి కూడా పోద్ది" అంది సుబ్బరావమ్మ.

జ్యోతిర్మయి మూడు వేళ్ళతో తీసి మూత నిండా మెత్తింది. మధ్యలో కుంకుమ పెట్టింది. చూడముచ్చటగా ఉంది.

శనివారం పొద్దున త్రినాథరావే బండి తోలాడు. కోటేష్ బావమరిది సోమవారం నుంచి వస్తాడట. చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షనుకి చీర కొనాలని జ్యోతిర్మయి పక్క సీటెక్కింది. చీర వచ్చేనెలైనా కొనొచ్చు. బండి ఎలా ఆగుతుందో చూద్దామని ఆమెకి బుద్ధి పుట్టింది. వెనక టిక్కీల ఘాటుకి పర్చూరు దాటేలోపల చెరో ఎనిమిది తుమ్ములు తుమ్మారు. ఆయన తుమ్మినప్పుడల్లా బండి కాస్త ఎడమకి పోయి వచ్చేది.

చిలకలూరిపేట దాటింది. యడ్లపాడు కొండ కనిపించేసరికి ఇంజను గొంతు మారింది. త్రినాథరావు కాలు కిందికంటా నొక్కాడు. బండి నొక్కించుకుంది గానీ పరిగెత్తలేదు. వెనకొచ్చిన లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. నాలుగు దగ్గులు. అయిపోయింది.

"ఇదిగో. మొదలైంది" అని ఆయన దిగి బానెట్ ఎత్తాడు. చేతి పంపు కొట్టాడు. సెల్ఫు కొట్టాడు. మళ్ళీ పంపు కొట్టాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చివరికి రోడ్డుకి అవతల కనిపిస్తున్న ఎస్టీడీ బూత్ నుంచి నాగూర్ వలికి ఫోన్ చేసొస్తానని వెళ్ళాడు.

జ్యోతిర్మయి దిగింది. బానెట్‌లోకి తొంగి చూసింది. అందులో ఆమెకి అర్థమయ్యేది ఏదీ లేదు. బండి చుట్టూ తిరిగి మూత దగ్గర ఆగింది. తీస్తే స్టార్టవుద్దయ్యా. అబద్ధమాడదలుచుకున్నవాడు ఇంతకన్నా మంచి అబద్ధమే ఆడేవాడు కదా!

మూత తిప్పబోతే రాలేదు. లోపలినుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుంది. కొంగు చుట్టి రెండు చేతులతో తిప్పింది. కాస్త కదలగానే స్‌స్‌స్ మంటూ బయటి గాలి లోపలికి దూసుకుపోయింది. చాలాసేపు నీళ్ళలో మునిగి లేచిన మనిషి తీసుకునే ఊపిరిలా, అంత పొడుగ్గా.

అదే సమయానికి మోపెడ్ మీద వెళ్తున్న పెద్దాయన ఒకడు వేగం తగ్గించి ఆమెనీ మూతనీ ఎగాదిగా చూశాడు. గొంతు తగ్గించి, "ఏమ్మా, డీజిలు అమ్ముతారా?" అని అడిగాడు.

"ఇవాళ లేదండీ" అంది జ్యోతిర్మయి. ఆయన నిరాశగా వెళ్ళిపోయాడు. ఆయన మలుపు తిరిగాక గాని, తను ఇప్పుడు సరిగ్గా మరియదాసు నిలబడ్డట్టే నిలబడి ఉన్నానని ఆమెకి తట్టలేదు. ఆమెని అడిగిన మనిషి వెళ్ళిపోయాడు. మరియదాసుని అడగని మనిషి బస్సులోంచి చూసి ఇంటికొచ్చి చెప్పాడు.

మూత చేతిలో తిప్పి చూసింది. గాలి లోపలికి ఎందుకు పోయింది? పదిహేను కిలోల వేరుశనగ నూనె డబ్బాకి ఒకటే బొక్క పెట్టి వంచితే రెండు గుక్కలు పోసి మొరాయిస్తుంది. రెండోపక్క ఇంకో బొక్క పెడితే ధారగా పోస్తుంది. నూనె బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలి. దీనికి కెమిస్ట్రీ కూడా అక్కర్లేదు, అప్పడాలు వేయించడం వస్తే చాలు. ట్యాంకు నిండా డీజిల్ ఉంటే లోపల గాలికి చోటే తక్కువ, అందుకే ఆ రోజుల్లో ఇంకా తొందరగా ఆగేదన్నమాట. మరి ఈ ట్యాంకుకి గాలి బొక్క ఎక్కడుంది?

జడలోంచి పిన్ను తీసి కుంకుమ బొట్టు చుట్టూ గుచ్చుతూ పోయింది. బొట్టు కిందనే పిన్ను దిగబడింది. మెల్లిగా తిప్పితే ఎండిన పసుపు ముద్ద ఊడి వచ్చింది. సన్నటి బెజ్జం. అవతలి వెలుతురు కనిపించింది.

జ్యోతిర్మయి వారాలు వెనక్కి లెక్కపెట్టుకుంది. ఈ ఏడు శనివారాల్లో ఒక్కటంటే ఒక్క శనివారం బండి ఆగకుండా వెళ్ళొచ్చింది. ఆరోజు సుబ్బరావమ్మ శనికి పెట్టిన నూనె దీపం పనిచేసిందని మురిసిపోయింది. దానికి ముందురోజు శుక్రవారం జ్యోతిర్మయి బయట ఉంది. మూడురోజులు దేన్నీ ముట్టుకోలేదు. బండినీ ముట్టుకోలేదు. మరియదాసు కడిగిన మూతకి పాత పసుపు పోయింది, కొత్తది పడలేదు.

త్రినాథరావు రోడ్డు దాటి వచ్చేసరికి ఆమె మూత పెట్టేసి సీట్లో కూర్చుంది. "ఒకసారి చూడండి" అంది. సెల్ఫు కొట్టగానే బండి అందుకుంది. యడ్లపాడు దాటింది, బోయపాలెం దాటింది, గుంటూరు దాకా ఎక్కడా పొల్లు మాట అనకుండా వెళ్ళింది.

"చూశావా! వాడి చెయ్యి పడకపోతే ఎలా పోతోందో!" అన్నాడు ఆయన హుషారుగా.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. వాక్యం కూర్చుకుంటే ప్రతి వాక్యమూ నేను అనే మాటతోనే మొదలవుతోంది. కాటా అయ్యాక చెబుదామనుకుంది. కాటా అయింది. టిఫిను చేశాక అనుకుంది. ఇడ్లీ వేడిగా ఉంది. చీర కొన్నాక అనుకుంది. చీర కూడా కొన్నారు, ఆకుపచ్చది. ఇంటికొచ్చేదాకా బండి ఆగలేదు, ఆమె నోరు తెరవనూ లేదు.

ఆదివారం పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే అద్దంలో ఆయన ముఖం చూస్తూ చెప్పేసింది. సగం గడ్డంతో ఆయన పెద్దగా నవ్వాడు. "గంజా! ఆ వలి పంపు విప్పాడే పాపం!" నవ్వు అయ్యాక మిగతా సగం గీసుకుంటూ, "సరే, ఇంక అక్కడ పెట్టకు. అమ్మకి చెప్పకు, బాధపడుద్ది" అన్నాడు.

"మరియదాసు?"

"కోటేష్‌కి మాటిచ్చేశాగా. ఇప్పుడొద్దంటే ఏం బాగుంటుంది? కొన్నాళ్ళు పోనీ, చూద్దాం."

"దొంగ అన్నామండీ అతన్ని."

"నేనెక్కడన్నానూ? తాళాలు పెట్టమన్నా, అంతే" అన్నాడు ఆయన, బ్లేడు కడుగుతూ.

మధ్యాహ్నం జ్యోతిర్మయి గొడుగు వేసుకుని మరియదాసు ఇంటికి నడిచింది. చర్చి అప్పుడే వదిలినట్టుంది. తెల్ల చీరలు, తెల్ల చొక్కాలు వీధంతా పరుచుకున్నాయి. ఆమెని చూసి మాటలు ఆగాయి. మరియదాసు భార్య సంతోషకుమారి కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచి వేసింది. కూర్చోమని మాత్రం అనలేదు.

"బండి ఎందుకు ఆగుతోందో తెలిసింది మరియదాసూ. నేను మెత్తిన పసుపు" అంది జ్యోతిర్మయి, నిలబడే.

అతను తల ఊపాడు. ఆశ్చర్యపోలేదు. ఆమె ఆశ్చర్యపోయింది.

"నీకు ముందే తెలుసా?"

"రెండో శనివారమే తెలిసిందమ్మగారూ. మూత తీస్తే ఊపిరి పీల్చింది. బొట్టు కింద బెజ్జం మూసుకుపోయిందని అర్థమైంది."

"మరి చెప్పొచ్చుగా! గీకెయ్యొచ్చుగా!"

మరియదాసు నవ్వినట్టు పెదవి కదిపాడు గానీ జవాబు సంతోషకుమారి చెప్పింది. "గీకాడమ్మా. మూడోవారం గుడ్డతో తుడుస్తుంటే పెద్దమ్మగారు అరుగుమీంచి కేకేశారు. మా బొట్టు తుడిచేస్తున్నావేరా, నీకు గిట్టకపోతే కళ్ళు మూసుకో అని. మీరు లోపలున్నారో ఏమో. ఇక ఈయనెట్లా చెప్తాడు, మీ పూజ వల్ల బండి ఆగుతోందని? ఇంకెవరన్నా చెప్తే తెలివి. ఈయన చెప్తే తలపొగరు."

"కుమారీ" అన్నాడు మరియదాసు.

"ఉన్నమాటే అంటున్నా. అందుకే బండి ఆగినచోటల్లా దిగి మూత తీసి పెట్టుకునేవాడు. దానికి దొంగ అన్నారు."

జ్యోతిర్మయి కుర్చీలో కూర్చుంది. ఎవరూ కూర్చోమనకపోయినా. ఆమె లోపలే ఉంది మూడోవారం. అత్తగారి కేక వినిపించింది కూడా. ఏదో పిల్లి మీద అరుస్తోందనుకుని పోపు మాడకుండా చూసుకుంది.

"వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీ వాళ్ళ వ్యాను ఉందమ్మగారూ. అడిగాను" అన్నాడు మరియదాసు నెమ్మదిగా. "ఇస్తామన్నారు. ఇంతకుముందు తోలినచోట ఒకమాట అడిగి పెట్టుకుంటామన్నారు. మీ ఇంటికే వస్తారు."

ఏం చెప్పమని అతను అడగలేదు.

సోమవారం కోటేష్ బావమరిది వచ్చాడు. కల్లం గట్టు ఎక్కిస్తూ క్లచ్చు ప్లేటు కాల్చాడు. మంగళవారమంతా బండి నాగూర్ వలి షెడ్డులో ఉంది. రెండువందల బస్తాల కాయలు పరదాల మీద పరుచుకుని ఎండని తాగుతున్నాయి, ఎర్రదనం వెలిసిపోతోంది, ఆకాశంలో ఒక మబ్బు తునక కనిపించినప్పుడల్లా త్రినాథరావు లేచి నిలబడుతున్నాడు.

బుధవారం పదిగంటలకి స్కూటరు మీద వేటపాలెం నుంచి పిచ్చయ్య అనే గుమస్తా వచ్చాడు. చేతిసంచీలోంచి ఒక పొట్లం తీసి, "మా ఫ్యాక్టరీ పప్పండీ" అని సుబ్బరావమ్మ పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. త్రినాథరావు కాఫీ వంకతో వంటింట్లోకి వచ్చాడు.

"నువ్వేం మాట్లాడకు. అక్కడ కుదరకపోతే రేపొద్దున మన దగ్గరికే వస్తాడు. జీతం కూడా కాస్త పెంచుదాం. వాడికీ మంచిదే, మనకీ మంచిదే."

"ఏం చెప్తారు?"

"ఏం చెప్పను. చెప్పీ చెప్పనట్టు అంటా."

ఆమె కాఫీ కలుపుతుంటే అరుగు మీంచి ఆయన మాటలు వినిపించాయి. "మనిషి మంచోడేనండీ. బండి బాగా తోలతాడు. కాకపోతే..." అక్కడ ఆపాడు. ఆ ఖాళీలో కోటేష్, బోయపాలెం, మూత, అన్నీ పట్టేటంత చోటుంది. పిచ్చయ్య "ఓహో" అన్నాడు. ఆ ఓహోతో సంచీ దగ్గరికి లాక్కున్నాడు కూడా.

జ్యోతిర్మయి గ్లాసులు తెచ్చి పిచ్చయ్యకి ఒకటి ఇచ్చింది. భర్తకి ఒకటి ఇచ్చింది. పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడింది.

"కాకపోతే ఏమీ లేదండీ. మా బండి ప్రతి శనివారం ఆగిపోయేది. అతను డీజిలు తీస్తున్నాడని ఈ ఊళ్ళో ఒకరు అన్నారు, మేం నమ్మాం. బండి ఆగింది నావల్ల. ట్యాంకు మూతకి గాలి బెజ్జం ఉంటుందని తెలీక దాని మీద పసుపు మెత్తాను. అతనికి తెలుసు. చెప్పనివ్వలేదు మేము."

"పసుపు వల్ల బండి ఆగటమేంటే!" సుబ్బరావమ్మ స్టూలు మీద నిటారుగా అయింది.

"పసుపు వల్ల కాదత్తయ్యా. నా గంజి వల్ల."

సుబ్బరావమ్మ కోడలి వంక చూసింది. వాకిట్లో బండి మూత వంక చూసింది. జీడిపప్పు పొట్లం ఒడిలోకి తీసుకుని దాని దారం ముడి విప్పడం మొదలుపెట్టింది. ఆ ముడి ఎంతకీ రాలేదు.

పిచ్చయ్య ఒకసారి త్రినాథరావు వంక చూశాడు. ఆయన కాఫీలోకి చూసుకుంటున్నాడు. "ఇంత మంచివాణ్ణి మరి మీరెందుకు వదులుకుంటున్నారమ్మా?"

"వదులుకోవడం మా చేతిలో లేదండీ ఇప్పుడు. మీరు పెట్టుకోండి. ఒక్కమాట మాత్రం గుర్తుంచుకోండి. మీ వ్యాను ఏదైనా ఇబ్బంది పెడితే ఆయన్ని అడగండి. ఒకసారి అడిగితే తెలీదంటాడు. మళ్ళీ అడగండి."

పిచ్చయ్య కాఫీ పూర్తిచేసి, గ్లాసు పళ్ళెంలో పెట్టి, సోమవారం నుంచి రమ్మని మరియదాసుకి చెప్పి వెళ్తానని లేచాడు. ఇల్లెటని అడిగితే జ్యోతిర్మయి గేటు దాకా వెళ్ళి దారి చూపించింది. స్కూటరు చర్చి వీధిలోకి తిరిగేదాకా అక్కడే నిలబడి వెనక్కి వచ్చింది.

త్రినాథరావు కాఫీ ముట్టుకోలేదు. పైన మీగడ కట్టింది. "బాగానే ఉంది. మరి ఈ శనివారం లోడు ఎవరు తోలతారు?" అన్నాడు.

జ్యోతిర్మయి ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుంది. వేడిచేసి తెస్తానని వంటింటివైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"కోటేష్ అన్నయ్యగారి బావమరిది ఉన్నాడుగా. లైసెన్సు కూడా ఉందట."